గేర్‌బాక్స్ దించకముందే

ఆటోమేటిక్ కారు జర్క్ కొడితే జబ్బు గేర్‌బాక్స్‌దే కానక్కర్లేదు. ఎక్కడుందో తేల్చడానికి హైదరాబాద్‌లో అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల రోడ్లే మంచి పరీక్షశాల.

జనవరి వచ్చిందంటే నాంపల్లిలో కారుకు మొదటి గేరుతో తప్ప పనుండదు. ఒకటో తారీఖున నుమాయిష్ మొదలవుతుంది. ఫిబ్రవరి నడుమ దాకా, పొద్దుగూకిందంటే గాంధీభవన్ నుంచి మొజంజాహీ మార్కెట్ వైపు, అటు అబిడ్స్ వైపు బ్రేక్‌లైట్ల వరస తప్ప రోడ్డు కనిపించదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి మారిన ఎగ్జిబిషన్ ఇది. తాతలు టాంగాల్లో వచ్చారు, నాన్నలు స్కూటర్ల మీద వచ్చారు. మనం ఐదుగురు పట్టే కార్లో ఇద్దరం వస్తున్నాం.

క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పట్టేస్తోందని చాలామంది ఈ మధ్య ఆటోమేటిక్‌కు మారారు. కాలికి సుఖం వచ్చింది. కానీ ఆ పని మాయమైపోలేదు. కాలు మానేసిన చాకిరీని ఇప్పుడు బానెట్ కింద ఆయిలూ, క్లచ్ ప్లేట్లూ, ఓ చిన్న కంప్యూటరూ పంచుకుని చేస్తున్నాయి. వాటికీ అలుపుంటుంది. ఆ అలుపు బయటపడ్డప్పుడు మనం గ్యారేజీలో చెప్పేది ఒక్కటే మాట: ‘జర్క్ కొడుతోంది’. చాలాచోట్ల దానికి జవాబు కూడా ఒక్కటే: ‘గేర్‌బాక్స్ దించాలి సార్’.

ఈ రెండు మాటల మధ్య జరగాల్సిన సంభాషణ ఒకటుంది. అదే జరగడం లేదు. ఎప్పుడు కొడుతోంది? పొద్దున్నే తీసినప్పుడా, గంట ట్రాఫిక్‌లో నానాకనా? ఒకటి నుంచి రెండుకా, మూడు నుంచి నాలుక్కా? రివర్స్ వేస్తే వెంటనే అందుకుంటుందా? ఈ ప్రశ్నలు అడగకుండా గేర్‌బాక్స్ దించే మిస్త్రీ ఎంత పనిమంతుడైనా సరే, నా లెక్కలో ఆయన ఊహించి రిపేరు చేస్తున్నట్టే. ఆ ఊహకు లేబరు, కిట్టు, ఆయిలు కలిపి మనమే బిల్లు కడతాం.

మీది ఏ ఆటోమేటిక్?

సగం గందరగోళం ఇక్కడే. ఆటోమేటిక్ పేరుతో మన రోడ్ల మీద నాలుగు వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయి. ఒకదాని సహజ గుణం ఇంకోదానికి జబ్బు.

పాతది టార్క్ కన్వర్టర్. ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య క్లచ్ బదులు ఆయిల్ తిరుగుతుంది. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజినీరు 1905లో ఓడల కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మన నాంపల్లి స్టేషన్ కట్టింది 1907లో. అంటే ఈ ఆలోచన ఆ స్టేషన్ కన్నా రెండేళ్లు పెద్దది. కార్లలోకి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఓల్డ్స్‌మొబైల్ 1940 మోడల్లో జనరల్ మోటార్స్ పెట్టిన హైడ్రామాటిక్‌లో ఇంకా సాదా ఫ్లూయిడ్ కప్లింగే ఉండేది. 1948లో బ్యూక్ డైనాఫ్లోతో టార్క్ కన్వర్టర్ పెద్దఎత్తున కార్లలోకి దిగింది. ట్రాఫిక్‌ను బాగా ఓర్చుకునేది ఇప్పటికీ ఇదే.

రెండోది ఏఎంటీ. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలెరియోతో సామాన్యుడి కార్లలోకి వచ్చింది. నిజానికి ఇది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం ఓ యాక్చుయేటర్ చేస్తుంది. గేరు మారేటప్పుడు క్షణం సేపు ఆగి తల ముందుకు ఊపడం దాని పుట్టుక. దాన్ని రోగమని గ్యారేజీకి తీసుకెళితే ఎవరో ఒకరు రోగం కుదిర్చి పంపిస్తారు, జాగ్రత్త.

మూడోది సీవీటీ. ఇందులో గేర్లే ఉండవు. రెండు పుల్లీల మధ్య ఓ ఉక్కు బెల్టు పైకీ కిందికీ జరుగుతుంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ముందు అరుస్తుంది, వేగం వెనకాల వస్తుంది. కొత్తగా కొన్నవాళ్లు ‘క్లచ్ జారుతోంది’ అని బెంగపడేది ఇందుకే. అది జారడం కాదు. నాలుగోది డీసీటీ. రెండు క్లచ్‌లు, ఒకటి బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. హైవే మీద దీనికి సాటి లేదు. నుమాయిష్ ట్రాఫిక్‌లో మాత్రం, అందులోనూ డ్రై క్లచ్ రకమైతే, చెమటలు పడతాయి.

రోడ్డే టెస్ట్ బెంచ్

గ్యారేజీకి వెళ్లకముందే బండి యజమాని కనిపెట్టగలిగేవి చాలా ఉన్నాయి. దానికి దూరాలు పోనక్కర్లేదు.

మొదటిది వేడి పరీక్ష. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ జీపీఓ సర్కిల్ దాకా రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. సాయంత్రం పూట ఆ దారిలో అటూ ఇటూ తిరిగితే చాలు, గేర్‌బాక్స్ ఆయిల్ మరిగిపోతుంది. పొద్దున వెన్నలా మారిన గేర్లు ఈ తిరుగుడు తర్వాత తన్నడం మొదలుపెడితే, లేదా డీ వేశాక బండి అందుకోవడానికి ఆలోచిస్తే, జబ్బు వేడితో వచ్చేదన్నమాట. వేడెక్కిన ఆయిల్ పలచబడుతుంది. సీళ్లు గట్టిపడ్డా, పంపు అరిగినా, ఆయిల్ తగ్గినా ఆ పలచదనంలో ప్రెషర్ నిలవదు. దీనికి తలకిందులుగా, చల్లగా ఉన్నప్పుడు జర్క్ ఇచ్చి వేడెక్కాక సర్దుకుంటే అనుమానం వేరే వైపు పోవాలి: వాల్వ్ బాడీలో అంటుకుంటున్న వాల్వు, పాతబడి చిక్కబడ్డ ఆయిల్, బద్ధకించిన సోలెనాయిడ్.

డీసీటీ ఉన్నవాళ్లకు ఇదే రోడ్డు మీద ఇంకో సంగతి. ముందు కారు జానెడు జరిగితే మనం జానెడు జరగడం ఆ క్లచ్‌కు విషం. పూర్తిగా పట్టుకోక, పూర్తిగా వదలక రాసుకుంటూనే ఉంటుంది. ఓ కారు పొడవు ఖాళీ వచ్చేదాకా ఆగి ఒక్కసారిగా కదలమంటారు నిపుణులు. మంచి సలహాయే. కాకపోతే అబిడ్స్‌లో ఓ కారు పొడవు ఖాళీ వదిలితే అది తనకోసమేనని ఆటో డ్రైవర్‌కు వెంటనే తెలిసిపోతుంది. మే నెలలో, 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, డాష్‌బోర్డు మీద గేర్‌బాక్స్ టెంపరేచర్ హెచ్చరిక వస్తే మొండికి పోకుండా పక్కకు ఆపి పీలో పెట్టడమే దారి.

రెండోది ఎత్తు పరీక్ష. పబ్లిక్ గార్డెన్స్ దాటి నౌబత్ పహాడ్ ఎక్కండి. బిర్లా మందిర్‌కు వెళ్లే ఎత్తు మీద, వెనక బండి లేనప్పుడు, ఆపి మళ్లీ కదలండి. ఏఎంటీ కారు ఇక్కడ ఇంజిన్ అరుస్తూ, కదలడానికి మొరాయిస్తూ, కాలిన వాసన కొడితే క్లచ్ ప్లేటు చివరి రోజుల్లో ఉన్నట్టే. ఆ వాసన చాలావరకు మన చేతులారా తెచ్చుకున్నదే. ఎత్తు మీద సిగ్నల్ పడితే బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని ఆపి ఉంచుతారు కొందరు. పెడల్ లేదు కాబట్టి క్లచ్ కూడా లేదనుకుంటారు.

మూడోది నిలకడ వేగం పరీక్ష. దీనికి మెహదీపట్నం వెళ్లి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాలి. ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సిగ్నల్ లేని దారి. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, అక్కడి వేగపరిమితి దాటకుండా, పై గేర్లో నిలకడగా పోతూ యాక్సిలరేటర్ కొంచెం నొక్కండి. చిన్న గులకరాళ్ల మీద పోతున్నట్టు ఓ వణుకు వస్తోందా? అయితే యాక్సిలరేటర్ అలాగే ఉంచి, ఎడమకాలి వేళ్లతో బ్రేకును మెల్లగా తాకండి. ఆపడానికి కాదు, బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే. టార్క్ కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ అని ఒకటుంటుంది. నిలకడ వేగంలో ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ సూటిగా కలిపేస్తుంది. బ్రేక్ స్విచ్ పడగానే చాలా కార్లలో అది విడిపోతుంది. విడిపోగానే వణుకు ఆగితే దోషి లాకప్పో, దాని ఆయిలో. ఆగకపోతే గేర్‌బాక్స్‌ను వదిలేసి స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూడండి. ఇంజిన్ మిస్‌ఫైర్ కూడా అచ్చం ఇలాగే వణికిస్తుంది. పైసా ఖర్చు లేని ఈ కిటుకు తెలియక గేర్‌బాక్స్ దించినవాళ్లు, దింపించుకున్నవాళ్లు ఇద్దరూ ఉన్నారు.

ఇంటి ముందే చేసుకోగలిగేది ఇంకోటుంది. బండి వేడెక్కాక చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ వేసి, కాలు బ్రేకు మీదే గట్టిగా ఉంచి, ఎన్ నుంచి డీకి మార్చండి. లివర్ కదిలిన క్షణం నుంచి బండి చిన్నగా ‘అందుకున్న’ క్షణం దాకా ఫోన్ స్టాప్‌వాచ్‌లో చూడండి. తర్వాత ఆర్‌తో కూడా అంతే. ఒక్కో కొలతకు నిమిషం ఎడం ఇచ్చి మూడుసార్లు చేసి సగటు తీయాలి. టొయోటా పాత ఆటోమేటిక్‌ల వర్క్‌షాప్ మాన్యువళ్లలో డీకి 1.2 సెకన్లు, ఆర్‌కు 1.5 సెకన్లు దాటకూడదని ఉంటుంది. మీ కారుకు లెక్క కొంచెం వేరుగా ఉండొచ్చు. కానీ మూడు సెకన్లు ఆలోచించే గేర్‌బాక్స్ ఏ కంపెనీదైనా ఆరోగ్యంగా లేనట్టే. బ్రేకు తొక్కి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కే స్టాల్ టెస్ట్ జోలికి మాత్రం సొంతంగా పోవద్దు. అయిదు సెకన్లు దాటితే లోపల ఆయిల్ ఉడికిపోతుంది, బండి ముందుకు దూకితే గోడా మిగలదు.

టిష్యూ మీద ఓ చుక్క

డిప్‌స్టిక్ ఉన్న కారైతే, ఇంజిన్ వేడిగా నడుస్తుండగా దాన్ని లాగి ఓ చుక్క తెల్ల టిష్యూ మీద వేయండి. కాసేపు ఆగండి. మంచి ఆయిల్ ఎర్రగా, పలచగా, గుండ్రంగా పాకుతుంది. వయసైపోయినది గోధుమ రంగులో పాకుతుంది. కాలిపోయినది పాకదు. నడుమ నల్లటి మచ్చగా నిలబడి, చుట్టూ పసుపుపచ్చ అంచు కడుతుంది. ముక్కు దగ్గర పెడితే మాడిన వాసన. ఆ నలుపు క్లచ్ ప్లేట్ల పొడి.

ఇంకో రంగు కూడా ఉంది, అది చూస్తే ఇంజిన్ ఆపేయండి, మళ్లీ స్టార్ట్ చేయొద్దు: అచ్చం రోజ్‌మిల్క్. ఆయిల్‌లో నీళ్లు కలిశాయన్నమాట. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసినా ఇంతే, వరద నీళ్లు బ్రీదర్ గొట్టంలోంచి దూరినా ఇంతే. 2020 అక్టోబరు వానల్లో నీట మునిగిన కార్లలో ఇంజిన్‌ను ఆరబెట్టి గేర్‌బాక్స్‌ను మరిచిపోతే, జబ్బు నెలల తర్వాత బయటపడుతుంది. సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కొనేవాళ్లు ఈ చుక్క చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దని నా మాట.

కొత్త కార్లలో చాలావాటికి డిప్‌స్టిక్ లేదు. లిఫ్ట్ మీద బండిని చదునుగా పెట్టి, ఆయిల్ టెంపరేచర్ స్కానర్‌లో చూస్తూ, కంపెనీ చెప్పిన వేడి దగ్గర లెవెల్ ప్లగ్ విప్పాలి. దీనికి ఓపిక కావాలి. ‘లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, ముట్టుకోనక్కర్లేదు’ అనే మాట అక్కణ్నుంచే పుట్టిందని నా అనుమానం. గేర్‌బాక్స్‌లు తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీయే తన వాటికి 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటోంది. మన ఎండకూ మన ట్రాఫిక్‌కూ ఆ లెక్కలో చిన్న అంకే నయం. రాణిగంజ్ వెళితే అన్ని రకాల ఆయిళ్లూ దొరుకుతాయి, చవకగా కూడా దొరుకుతాయి. కానీ సీవీటీలో మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్) పోస్తే ఉక్కు బెల్టుకు పట్టు దొరకదు, పుల్లీలు గీసుకుపోతాయి. డబ్బా మీద రాసిన స్పెసిఫికేషన్, కారు మాన్యువల్‌లో రాసింది అక్షరం పొల్లు పోకుండా కలవాలి.

స్కానర్ నోట్లోంచి

స్కానర్ పెడితే పి0700 అని ఓ కోడ్ వస్తుంది. దాన్ని చూపించి ‘గేర్‌బాక్స్ పోయింది’ అనేవాళ్లున్నారు. ఆ కోడ్ అర్థం అది కాదు. ‘గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఓ ఫిర్యాదుంది, వెళ్లి అడగండి’ అని ఇంజిన్ కంప్యూటర్ చెప్పడమే అది. చవక రకం స్కానర్ అక్కడే ఆగిపోతుంది. సరైనది లోపలికి వెళ్లి అసలు కోడ్ తెస్తుంది: పి0715 అయితే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్, పి0741 అయితే లాకప్ పట్టకపోవడం, పి0730 అయితే గేర్ రేషియో లెక్క కుదరకపోవడం. మొదటిదానికి తరచూ ఓ సెన్సరో, తుప్పు పట్టిన కనెక్టరో చాలు. మూడోది మాత్రం లోపల ఏదో జారుతోందని చెబుతుంది. ఏది జారుతోందో అదీ చెప్పదు.

అక్కడ పనికొచ్చేది మిస్త్రీ బుర్రే. ప్రతి గేర్‌బాక్స్‌కూ ఓ పట్టిక ఉంటుంది: ఏ గేర్లో ఏ క్లచ్‌లు పట్టుకుంటాయో. పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లు చాలావాటిలో డైరెక్ట్ క్లచ్ మూడో గేరుకూ రివర్స్‌కూ ఉమ్మడి. బండి ఒకటిలో, రెండులో శుభ్రంగా పోతోంది, మూడులో జారుతోంది, రివర్స్ అసలు లేదు అనుకోండి. మిగతావి బాగున్నాయి కాబట్టి పంపు బాగుంది, ఆయిల్ ప్రెషర్ బాగుంది. మూడుకూ ఆర్‌కూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, వేలు దాని మీదే పెట్టాలి. అదే అన్ని గేర్లలోనూ జారితే ఒక్కో క్లచ్‌ను అనుమానించడం దండగ, ఆయిల్ లెవెల్, ఫిల్టర్, పంపు చూడాలి. బండి ఒకే గేర్లో ఇరుక్కుని లైటు వెలుగుతుంటే అది లింప్ మోడ్. జబ్బు కాదు, ఇంటికి చేర్చడానికి కంప్యూటర్ చేసుకున్న ఏర్పాటు. గేర్‌బాక్స్ తలుపు తీయకుండానే ఇంత తేలుతుంది. ఈ పట్టిక ముందు పెట్టుకుని మాట్లాడే మనిషి దొరికితే, ఆయన దుకాణం ఏ సందులో ఉన్నా వెతుక్కుంటూ పోవచ్చు.

గేర్‌బాక్స్ మీద పడే నిందల్లో కొన్ని దానివి కానే కావు. ముసలి బ్యాటరీ, వదులైన ఎర్త్ వైరు ఉంటే సోలెనాయిడ్లకు కరెంటు చాలక గేర్లు తన్నుతాయి. మౌంట్ రబ్బరు చిరిగితే డీ వేసిన ప్రతిసారీ ‘ధబ్’మంటుంది. బ్రేక్ స్విచ్ పోతే లివర్ పీలోంచి కదలనే కదలదు, బల్బు వెలుగుతోందో లేదో గోడకేసి చూస్తే తెలిసిపోతుంది. డ్రైవర్ వైపు తలుపు తీయగానే కొన్ని ఏఎంటీ కార్లలో పంపు ‘గుయ్’మంటుంది. అది మామూలే. నడుపుతుంటే నిమిషానికోసారి మోగితే హైడ్రాలిక్ ప్రెషర్ ఎక్కడో కారిపోతోంది. ఏఎంటీకి కొత్త క్లచ్ వేశాక స్కానర్‌తో లెర్నింగ్ చేయించకపోతే కొత్త ప్లేటు కూడా పాతదానిలాగే తన్నుతుంది.

బండి ఆగిపోతే అబిడ్స్‌లో మనుషులకు కొదవ లేదు. ‘తోద్దాం పట్టన్నా’ అంటూ నలుగురు వస్తారు. దండం పెట్టి వద్దనండి. టార్క్ కన్వర్టర్ బండి తోస్తే స్టార్ట్ కాదు. తాడు కట్టి లాక్కెళ్లడం ఇంకా ప్రమాదం, ఇంజిన్ తిరగకపోతే గేర్‌బాక్స్ పంపు తిరగదు, లోపల ఆయిల్ అందక గేర్ల పళ్లు కాలిపోతాయి. చక్రాలన్నీ పైకెత్తి తీసుకెళ్లే బండినే పిలవాలి.

చంద్రవిహార్ మెట్లెక్కేముందు

ఇంత చెప్పాక ఓ చేదు సంగతి. కొన్నిసార్లు జబ్బు నిజంగానే తయారీలో ఉంటుంది, ఒప్పుకునేవాళ్లే ఉండరు. 2013 మార్చిలో చైనాలో డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ సమస్యతో ఫోక్స్‌వాగన్ 3.84 లక్షల కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ కార్ల యజమానులు బండి వణుకుతోందని మొత్తుకుంటే, అది మీ డ్రైవింగ్ తీరు వల్లేనని జవాబిచ్చారు. 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ‘సార్, మీ డ్రైవింగ్ వల్లే’ అనే మాట మనకూ కొత్త కాదు.

మన ఊళ్లో ఈ తగువులు హైదరాబాద్ జిల్లా వినియోగదారుల ఫోరాలకు చేరాయి. ఏళ్ల తరబడి వాటి చిరునామా నాంపల్లి ఎం.జె. రోడ్డు, చంద్రవిహార్ కాంప్లెక్స్. అంటే నుమాయిష్ ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్ పాడైతే ఫిర్యాదుకు ఆ రోడ్డు దాటి పోనక్కర్లేదన్నమాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సమస్య తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. తాము ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. అయితే వారంటీ అంటే లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడమే తప్ప, కారంతా మార్చి ఇవ్వడం కాదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. తయారీ లోపమని వాదించాలంటే నిపుణుడి మాట కావాలి, అంతకుముందు కాగితాలు కావాలి.

ఆ కాగితాల్లో మొదటిది జాబ్ కార్డ్. సర్వీస్ అడ్వైజర్ అందులో ‘గేర్ జర్క్, చెక్’ అని రెండు ముక్కలు గీకి సంతకం పెట్టమంటాడు. పెట్టొద్దు. మీ మాటల్లో రాయించండి: పొద్దున లేదు, ముప్పావు గంట ట్రాఫిక్ తర్వాత వస్తుంది, రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఆర్‌పీఎం 2,000 నుంచి 3,000కు ఎగిరి అప్పుడు పట్టుకుంటుంది, ఏసీ ఆపినా తేడా లేదు, తారీఖు, కిలోమీటర్ల రీడింగు. పక్కన కూర్చున్నవాళ్లతో ఆర్‌పీఎం ముల్లు, స్పీడోమీటర్ రెండూ కనిపించేలా వీడియో తీయించి ఆరోజే వర్క్‌షాప్ ఈమెయిల్‌కు పంపండి. స్కానర్ రిపోర్టు ప్రింట్ అడగండి, కోడ్‌లు చెరిపేయకముందే. బండి తిరిగి ఇచ్చేటప్పుడు ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అని రాస్తే, టెస్ట్ డ్రైవ్ ఎన్ని కిలోమీటర్లు చేశారో, ఏ వేళప్పుడు చేశారో దాని కిందే రాసివ్వమనండి. పొద్దున పదింటికి ఖాళీ రోడ్డు మీద మూడు కిలోమీటర్లు తిప్పి తెచ్చారని తేలితే, సాయంత్రం ఆరింటికి అడ్వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని గాంధీభవన్ వైపు మీరే తీసుకెళ్లండి.